ఆర్కెస్ట్రాలో గ్రీకు నాట్యాన్ని పట్టుకోవడం ఎలా

టేబుల్ మీద వేళ్లతో ఇలా కొట్టండి: తకిట తక తక, తకిట తక తక. మొదటి ‘త’ దగ్గర కాస్త గట్టిగా. సంగీతం క్లాసుకి రెండు నెలలు వెళ్లి మానేసినవాళ్లకి కూడా ఇది తెలిసిందే, మిశ్ర చాపు, ఏడు అక్షరాల తాళం. ఇప్పుడు వేగం పెంచండి, కానీ ఆపకండి. గ్రీసులో పెళ్లయినా, ఊరి జాతరైనా, ఈస్టర్ పండగైనా జనం ఒకరి చేతులు ఒకరు పట్టుకుని వలయంగా తిరిగేది సరిగ్గా ఈ లెక్క మీదే. ఆ నాట్యం పేరు కలమతియానోస్. పేరులో ఉన్నది కలమాతా అనే దక్షిణ గ్రీసు పట్నం, అయినా ఆడేది దేశమంతా.

ఈ ఊరి నాట్యాలు 20వ శతాబ్దంలో ఆర్కెస్ట్రా సంగీతంలోకి వచ్చాయి. అందరికంటే గట్టిగా తెచ్చినవాడు గ్రీకు స్వరకర్త నికోస్ స్కాల్కోటాస్. 36 గ్రీకు నాట్యాలు రాశాడు. వాటిని ఎలా వినాలో, ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ తడబడతామో చెబుతాను. నేను చాలా తప్పుదారుల్లో తిరిగి వచ్చాను కాబట్టి మీకు ఆ తిరుగుడు తప్పించాలని. నా సలహా ఒక్కటే, ముందు ఆర్కెస్ట్రా జోలికి వెళ్లకండి. చేతులు, కాళ్లు ముందు నేర్చుకోవాలి, చెవి తర్వాత వస్తుంది.

కావలసినవి: ఇంటర్నెట్ ఉన్న ఫోను, మంచి ఇయర్‌ఫోన్లు, ఒక స్టీలు గ్లాసు, ఒక చెంచా, నాలుగడుగులు వేయడానికి ఖాళీ నేల. ఇయర్‌ఫోన్లు ఎందుకంటే ఫోను స్పీకరు, కింది స్వరాలు పలికే పెద్ద తీగవాద్యమైన డబుల్ బాస్‌ని మింగేస్తుంది. తాళం నడిపేది చాలాచోట్ల ఆ బాసే. రోజుకి అరగంట చొప్పున ఒక వారం పెట్టుకోండి, చాలు.

ఏడుని మూడుగా వినండి

యూట్యూబులో ‘సమియోటిస్సా’ అనే పాట వెతకండి. సామోస్ ద్వీపం పిల్ల గురించిన పాట, అచ్చమైన కలమతియానోస్. ఇంకొకటి ‘మీలో మూ కోకినో’, నా ఎర్ర ఆపిలూ అని అర్థం. రెండూ గ్రీకు పిల్లలకి బళ్లోనే వచ్చేస్తాయి. కాబట్టి పదుల కొద్దీ వెర్షన్లు దొరుకుతాయి. సింథసైజరు మోతతో ఉన్నవి వదిలేసి, క్లారినెట్టు, వయొలిన్ వినిపించేది ఎంచుకోండి.

గ్లాసు బోర్లించి చెంచాతో కొట్టండి. ఇక్కడే మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. చిన్నప్పుడు మూడేళ్లు మృదంగం నేర్చుకున్న నేను కూడా అదే చేశాను. ఏడు అక్షరాలూ లెక్కపెడతాం. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు. శ్యామశాస్త్రి ‘మరివేరే గతి’ లాంటి చోట, ఆ నింపాది నడకలో, ఏడూ లెక్కపెట్టడానికి తీరిక ఉంటుంది. కలమతియానోస్‌లో ఉండదు. రెండో వరుసకే నాలుక మడత పడుతుంది. గ్రీకువాళ్లు ఏడు లెక్కపెట్టరు, మూడే దెబ్బలు వింటారు: ఒకటి పొడుగు, రెండు పొట్టి. తకిట దగ్గర ఒక దెబ్బ, తక దగ్గర ఒకటి, మళ్లీ తక దగ్గర ఒకటి. నాట్యం నేర్పేవాళ్లు కూడా నిదానం, త్వరగా, త్వరగా అనే చెబుతారు.

కాబట్టి గ్లాసు మీద మూడు దెబ్బలే వేయండి. మొదటి దెబ్బ తర్వాత కొంచెం ఎక్కువసేపు ఆగాలి. ఎంతసేపు అని అడగకండి, నోటితో తకిట అనుకుంటే చెయ్యి తనంతట తనే ఆగుతుంది. పడమటి దేశాల విద్యార్థులకి ఈ పొడుగు-పొట్టి తేడా పెద్ద తలనొప్పి, వాళ్ల మార్చింగ్ పాటలన్నీ సమానమైన దెబ్బలతో ఉంటాయి. మనకి చాపు తాళాలు ఉగ్గుపాలతోనే ఉన్నాయి కాబట్టి ఇందులో మనం ఒక మెట్టు పైనుంచే మొదలుపెడతాం.

పాట పూర్తయ్యేదాకా చెంచా తప్పకుండా కొట్టగలిగితే ఆ రోజుకి చాలు. మర్నాడు చెంచా పక్కన పెట్టి, పాట వింటూ వేరే పని చేయండి. కూర తరగండి, బట్టలు మడతపెట్టండి. కాలు తనంతట తనే పొడుగు-పొట్టి-పొట్టి కొడుతుంటే లెక్క ఒంటికి పట్టినట్టే.

ఇప్పుడు లేచి నిలబడండి

సిగ్గుపడితే తలుపు వేసుకోండి. ఈ మెట్టు దాటేస్తే తర్వాత ఆర్కెస్ట్రాలో సగం విషయం అందదు.

కలమతియానోస్ అడుగులు 12. ఒక ఆవర్తానికి, అంటే ఒక తకిట తక తకకి, మూడడుగులు; నాలుగు ఆవర్తాలకి ఒక చుట్టు. కుడికాలితో మొదలుపెట్టి కుడివైపు నడవాలి. పొడుగు దెబ్బకి ఒక అడుగు, రెండు పొట్టి దెబ్బలకి రెండు అడుగులు. పది అడుగులు అలా కుడికి వెళ్లాక చివరి రెండు వెనక్కి. మళ్లీ మొదలు. అంటే వలయం కుడికి జరుగుతూ, మధ్యమధ్యలో ఊపిరి తీసుకున్నట్టు ఒకసారి వెనక్కి ఊగుతుంది. కాలు ఎక్కడ ముందుకి దాటాలి, ఎక్కడ వెనకనుంచి పోవాలి అనేది వీడియో చూసి నేర్చుకోండి, రాతలో చెబితే గందరగోళం. ఏథెన్స్‌లో డోరా స్ట్రాటు నాట్యశాల అని ఉంది, 1953లో మొదలైంది, ఫిలోపాపు గుట్ట మీద ఆరుబయట వేదిక. ఊరూరి నాట్యాలు అక్కడివాళ్ల బట్టలతో, వాద్యాలతో చూపిస్తారు. ఆ పేరుతో వెతికితే శుభ్రమైన వీడియోలు దొరుకుతాయి.

చూసేటప్పుడు వరుసలో కుడి చివర ఉన్న మనిషిని గమనించండి. ఆ మనిషి చేతిలో రుమాలు ఉంటుంది, రెండో మనిషి దాని రెండో కొస పట్టుకుంటాడు. వరుసంతా ఒకే అడుగు వేస్తుంటే, మొదటి మనిషి గెంతుతాడు, తిరుగుతాడు, మోకాళ్ల మీద కూర్చుని లేస్తాడు. మిగతావాళ్లు మాత్రం నడక వదలరు. ఈ బొమ్మ మనసులో పెట్టుకోండి. తర్వాత ఆర్కెస్ట్రాలో క్లారినెట్టో ట్రంపెట్టో ఒక్కసారిగా పైకి ఎగిరినప్పుడు, కింద తీగవాద్యాలు అదే నడక పట్టుకుని ఉన్నప్పుడు, రుమాలు మనిషి గుర్తొస్తాడు. నాకైతే అప్పుడే ఇదంతా అర్థమైంది.

మిగిలిన లెక్కలు

ఏడు ఒక్కటే కాదు. కానీ మిగతావి ఏడంత సమయం తీసుకోవు.

త్సామికోస్ అనేది మూడు దెబ్బల నాట్యం, బరువైనది, ఒకప్పుడు మగవాళ్లది. తుర్కుల పాలన మీద తిరగబడి కొండల్లో ఉన్న క్లెఫ్టులతో ముడిపెట్టి చెబుతారు. మూడు అంటే వాల్ట్‌జ్ అనుకోకండి. వాల్ట్‌జ్ నేల మీద జారుతుంది, ఇది నేలని తొక్కి పైకి లేస్తుంది. ‘ఏనస్ అయిటోస్’, అంటే ఒక గద్ద, అనే జానపదం వినండి. గాయకుడు ఒక్కో మాటనీ ఎంత సాగదీస్తాడో చూస్తే, ముందు మనిషి గాల్లోకి లేచి అక్కడే కాసేపు ఉండిపోవడానికి కావలసిన చోటు అందులో ఎలా దొరుకుతుందో తెలుస్తుంది.

క్రీట్ ద్వీపం నాట్యాలు రెండు దెబ్బలవి, వేగం. పెంతోజాలి అయితే చూస్తుంటేనే ఆయాసం వస్తుంది. తొమ్మిది దెబ్బలది జెబేకికో, 2+2+2+3. మనకి తకధిమి తకతకిట అంటే సరిపోతుంది, సంకీర్ణ చాపు. ఇది చిన్న ఆసియా (ఇప్పటి టర్కీ) తీరం నుంచి వచ్చి ఓడరేవుల్లో, కల్లు దుకాణాల్లాంటి చోట్ల పెరిగిన నాట్యం. ఒక్క మనిషి తన బాధ తాను ఆడుకుంటాడు. మిగతావాళ్లు మోకాళ్ల మీద కూర్చుని చప్పట్లు కొడతారే తప్ప మధ్యలోకి వెళ్లరు.

ఊరి మేళం ఎవరెవరు

ఇప్పుడు వాద్యాలు. ప్రధాన భూమి మీది ఊళ్లలో నాట్యానికి వాయించే మేళాన్ని కొంపనియా అంటారు. అందులో క్లారినో, వయొలిన్, లాఉతో, సందూరి, చర్మవాద్యంగా డెఫి. క్లారినో అంటే క్లారినెట్టే, కానీ వాళ్ల చేతిలో అది నీళ్లలా జారుతుంది. స్వరం నుంచి స్వరానికి పాకే తీరు వింటే మన నాగస్వరం గుర్తొస్తుంది. లాఉతో పొడుగు మెడ తీగవాద్యం, తాళం మోసేది అదే. సందూరి మన కాశ్మీరు సంతూరుకి చుట్టం, సన్న పుల్లలతో తీగలు కొడతారు. డెఫి కంజీర లాంటిది, గిలకలతో.

ఉత్తరాన మాసిడోనియా వైపు వెళితే జుర్నా, డావూలి జంట. జుర్నా పీక వాద్యం, డావూలి రెండు వైపులా కొట్టే పెద్ద డోలు. సన్నాయి, డోలు అంటే సరిపోతుంది, పని కూడా అదే, పెళ్లి ఊరేగింపు ముందు నడవడం. క్రీట్‌లో వీటన్నిటికీ బదులు లీరా. మోకాలి మీద నిలబెట్టి కమానుతో వాయిస్తారు, వేలి కొసతో తీగని నొక్కరు, గోటితో పక్కనుంచి తాకుతారు.

ఈ మేళాలని ఒక్కో రోజు ఒక్కోటి, పది నిమిషాల చొప్పున వినండి. ఆర్కెస్ట్రాలోకి వచ్చేసరికి ఈ వాద్యాలేవీ ఉండవు. వాటి పనులు మాత్రం ఉంటాయి. లాఉతో పని డబుల్ బాసులకి, చెల్లోలకి పోతుంది, ముఖ్యంగా కమాను పక్కన పెట్టి వేళ్లతో మీటేటప్పుడు. డెఫి పని టాంబురీనుకి, జుర్నా గొంతు ఓబోకి. ఒక్క క్లారినెట్టు మాత్రం అటూ ఇటూ అదే. కాకపోతే ఆర్కెస్ట్రాలో కోటు వేసుకుని మర్యాదగా కూర్చుంటుంది.

రాగాల సంగతి కూడా ఒక ముక్క. ఎపిరస్ అనే వాయవ్య కొండ ప్రాంతం పాటలు చాలావరకు ఐదు స్వరాలవి, సగం స్వరాల దూరం ఎక్కడా ఉండదు. స గ మ ప ని, మన శుద్ధ ధన్యాసి మెట్లు. కింద ఒకే స్వరం శ్రుతిలా నిలబడి ఉంటుంది, దాన్ని ఇసోన్ అంటారు. ఇంకోవైపు గ్రీకు పాటల్లో తరచుగా వినిపించే హిజాజ్ అనే మేళం పూర్వాంగం మన మాయామాళవగౌళ పూర్వాంగమే, స రి గ మ. ఇది వినగానే మనకి ‘అరే మనదే’ అనిపిస్తుంది. అలా అనిపించడం మంచిదే, అక్కడ ఆగిపోతే మాత్రం కష్టం. మెట్లు ఒకటైనంత మాత్రాన రాగం ఒకటి కాదు. వాళ్ల గమకం వేరు, వాళ్ల వాక్యం ముగిసే చోటు వేరు.

స్కాల్కోటాస్ దగ్గరికి

ఇక అసలు పని. ఎవరీ మనిషి అనేది కొంచెం తెలిస్తే వినడం తేలికవుతుంది.

స్కాల్కోటాస్ 1904లో ఎవియా ద్వీపంలోని హల్కిదా పట్నంలో పుట్టాడు. ఐదో ఏట నాన్న, బాబాయి దగ్గర వయొలిన్ మొదలుపెట్టాడు. ఏథెన్స్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో 1920లో బంగారు పతకంతో బయటికొచ్చి, మరుసటి ఏడు స్కాలర్‌షిప్పు మీద బెర్లిన్ వెళ్లాడు. వయొలిన్ విద్వాంసుడు అవుదామని వెళ్లినవాడు అక్కడ స్వరకర్త అయిపోయాడు. ఆర్నాల్డ్ షోన్‌బర్గ్ శిష్యుడు. షోన్‌బర్గ్ అంటే పన్నెండు స్వరాలకీ సమాన హోదా ఇచ్చి, సా అనే ఇంటి స్వరాన్నే తీసేసిన మనిషి. అలాంటి గురువు దగ్గర చదివినవాడు 1933లో చేతిలో డబ్బు లేకుండా ఏథెన్స్ తిరిగొచ్చాడు. రాసిన కాగితాలు చాలా బెర్లిన్‌లోనే ఉండిపోయాయి, ఎన్నో మళ్లీ దొరకలేదు. ఏథెన్స్‌లో ఆర్కెస్ట్రాల వెనక వరుసలో వయొలిన్ వాయిస్తూ బతికాడు. ఇంట్లో రాసుకున్న కఠినమైన సంగీతాన్ని అడిగినవాళ్లు లేరు. 1949లో, 45 ఏళ్లకే, హెర్నియా ముదిరి పోయాడు.

36 నాట్యాలు 1931-36 మధ్యలో రాసినవి. 12 చొప్పున మూడు వరుసలు. ఆ రోజుల్లోనే ఏథెన్స్‌లో మెల్పో మెర్లియే అనే విదుషి 1930లో మొదలుపెట్టిన జానపద సంగీత భాండారం ఉండేది. ఊళ్లనుంచి గాయకుల్ని రప్పించి రికార్డు చేశారు. ఆ రికార్డులు విని స్వరం రాసిపెట్టే పని 1930ల మధ్యలో స్కాల్కోటాస్‌కి దొరికింది. క్రీట్ పాటలు, సిఫ్నోస్ ద్వీపం పాటలు అలా రాశాడు. అంటే ఊరి పాటని పుస్తకంలోంచి తీసుకున్నవాడు కాదు, ఒక్కో గమకం దగ్గర సూది వెనక్కి పెట్టి పెట్టి విన్నవాడు. నాట్యాల్లో చాలావాటికి నిజమైన జానపద బాణీలే ఆధారం, కొన్ని మాత్రం ఆయన సొంతం. ఏది ఏదో విని చెప్పడం అంత తేలిక కాదు.

మొత్తం సెట్టు రికార్డింగు కావాలంటే బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రాని నికోస్ క్రిస్టోదూలు నడిపించింది వినండి, బిస్ అనే స్వీడన్ కంపెనీది. పాతకాలపు నిప్పు కావాలంటే న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌తో దిమిత్రి మిత్రోపూలోస్ రికార్డు చేసిన నాలుగు నాట్యాలు. ఆయనా గ్రీకువాడే, నాట్యం ఒంట్లో ఉన్నవాడు. నా ఓటు రెండోదానికి, కాకపోతే అందులో ఉన్నవి నాలుగే.

పేర్లు చూసి బెదరకండి. చాలావరకు ఊరి పేరో, ప్రాంతం పేరో. ఎపిరోటికోస్ అంటే ఎపిరస్‌ది, క్రిటికోస్ అంటే క్రీట్‌ది, పెలొపొన్నిసియాకోస్, థెస్సాలికోస్, మకెదోనికోస్ కూడా అంతే. సిఫ్నేయికోస్ సిఫ్నోస్‌ది. క్లెఫ్టికోస్ మాత్రం పైన చెప్పిన కొండ తిరుగుబాటుదారులది. క్రిటికోస్ పేరుతో ఒకటికంటే ఎక్కువ ఉన్నాయి కాబట్టి వెతికేటప్పుడు వరుస, నంబరు కూడా చూసుకోండి.

మొదటి వరుసలో మొదటిది త్సామికోస్. దానితో మొదలుపెట్టండి. మూడుసార్లు వినాలి, మూడుసార్లూ వేర్వేరుగా.

మొదటిసారి చెంచా, గ్లాసు. మూడు దెబ్బలు తప్ప ఇంకేమీ పట్టించుకోకండి. అర్థం కాని చప్పుళ్లు వస్తాయి, రానివ్వండి. లెక్క తప్పితే ఆపి వెనక్కి పెట్టొద్దు, వలయంలో అడుగు తప్పినవాడు ఏం చేస్తాడో అదే చేయండి, పక్కవాడిని చూసి కలిసిపోండి. ఇక్కడ పక్కవాడు డబుల్ బాస్.

రెండోసారి బాణీ వెంట పడండి. బాణీ ఒకే వాద్యం దగ్గర ఉండదు. ఒకరు పాడి వదిలింది ఇంకొకరు అందుకుంటారు. ఎవరు వదిలారు, ఎవరు అందుకున్నారు అనేది కాగితం మీద గీతలుగా వేసుకుంటే ఇంకా మంచిది. తీగలు, చెక్క ఊదువాద్యాలు, ఇత్తడివి అని మూడు గీతలు చాలు. వాద్యం పేరు కచ్చితంగా తెలియాల్సిన పని లేదు.

మూడోసారి, బాణీకి తోడుగా వచ్చే ‘పుల్లటి’ స్వరాల కోసం వినండి. మొదటిసారి విన్నప్పుడు ఆ స్వరాలు నాకు రికార్డింగులో తప్పులనిపించాయి. ఇయర్‌ఫోన్లు మార్చి చూశాను కూడా. ఊరి పాట తిన్నగా నడుస్తుంటే, కిందనుంచి దానికి పొసగని స్వరమేదో వచ్చి గుచ్చుతుంది. ఆ గుచ్చడమే స్కాల్కోటాస్. పాత పాటకి తియ్యటి పడమటి హార్మనీ, అంటే బాణీతో కలిసి మోగే తోడు స్వరాలు, పూస్తే అది కేకు మీది క్రీములా తయారవుతుంది, పాటలో ఉన్న కారం పోతుంది. ఆయన బెర్లిన్‌లో నేర్చుకున్న విద్య అంతా ఆ కారాన్ని కాపాడటానికి వాడాడు. బాణీ మారదు, తాళం మారదు, చుట్టూ ఉన్న గాలి మాత్రం కొండగాలిలా చురుక్కుమంటుంది. ఆవకాయ మొదటి ముద్దలో నోరు మండి, రెండో ముద్దకి అదే కావాలనిపించినట్టు, నాలుగైదు నాట్యాలయ్యాక ఆ పులుపు లేని చోట చప్పగా అనిపిస్తుంది.

త్సామికోస్ అయ్యాక ఒక క్రిటికోస్, తర్వాత ఒక ఎపిరోటికోస్. ఒక్కోటి కొన్ని నిమిషాలే. రోజుకి మూడు మించి వద్దు. 36 వరుసగా పెట్టుకుని విన్నానని గొప్పగా చెప్పుకునేవాళ్లుంటారు. అది విస్తట్లో 36 పచ్చళ్లు మాత్రమే వడ్డించుకోవడం లాంటిది, అన్నం ఏది?

ఏడు దెబ్బలవి ఏవో నేను చెప్పను. మొదటి వరుస వింటూ కాలు తనంతట తనే పొడుగు-పొట్టి-పొట్టి కొట్టినప్పుడు నంబరు రాసుకోండి. వారం మొదట్లో పెట్టిన కష్టానికి పరీక్ష అదే.

పక్కన పెట్టుకుని పోల్చండి

స్కాల్కోటాస్ కొంచెం మింగుడు పడలేదా? యానిస్ కోన్‌స్టాంటినిదిస్ దగ్గరికి వెళ్లండి. 1903లో స్మిర్నాలో (ఇప్పటి టర్కీలోని ఇజ్మీర్) పుట్టాడు, కోస్టాస్ యానిదిస్ అనే మారుపేరుతో సరదా పాటలు రాసి బతికాడు, అసలు పేరుతో మాత్రం జానపదాల మీద పని చేశాడు. దొదెకనీస్ ద్వీపాల పాటల మీద ఆయన రాసిన రెండు ఆర్కెస్ట్రా సూయిట్లు, అంటే చిన్న చిన్న ముక్కల మాలికలు, 1948, 1949 నాటివి. ఆ ద్వీపాలు ఇటలీ చేతిలోంచి గ్రీసుకి వచ్చి అప్పటికి ఏడాదో రెండేళ్లో. ఈ పాటలకి ఆధారం సామ్యూల్ బో-బోవీ అనే స్విస్ పండితుడు ఊరూరా తిరిగి సేకరించిన బాణీలు. ఇందులో పులుపు లేదు, బాణీ నీరెండలో కూర్చోబెట్టినట్టు ఉంటుంది. రెండూ ఒకే సాయంత్రం వినండి. ఒకే ఊరి పాటని ఇద్దరు ఎంత వేరుగా ప్రేమిస్తారో తెలుస్తుంది.

ఫ్రెంచి స్వరకర్త మొరిస్ రావెల్ ‘ఐదు గ్రీకు జానపద గీతాలు’ కూడా వినదగినవే. యూబేర్ పెర్నో అనే ఫ్రెంచి భాషావేత్త 1898-99లో ఫోనోగ్రాఫు మోసుకుని హియోస్ ద్వీపానికి వెళ్లాడు. అతని సేకరణ నుంచి వచ్చిన బాణీలు ఇందులో ఉన్నాయి. మెర్లియే భాండారం పెట్టినప్పుడు వెనక ఉన్నదీ ఈ పెర్నోయే. అయిదింటిలో ఆఖరి పాట నాట్యానిది, మనుషుల కాళ్లతో పాటు ఇంట్లో గిన్నెలు కూడా ఆడతాయి అందులో. మీ స్టీలు గ్లాసుకి పని దొరికినట్టే.

అదే రావెల్ ‘దాఫ్నిస్ ఏ క్లొయే’ బాలే దగ్గర మాత్రం జాగ్రత్త. కథ గ్రీసులోది, సంగీతం అద్భుతం, కానీ అందులో గ్రీకు ఊరి నాట్యం వెతికితే దొరకదు. అది పారిస్‌లో కూర్చుని కలగన్న గ్రీసు. ముగింపులో వచ్చే పెద్ద నాట్యం ఐదు దెబ్బలది. 1912లో దాన్ని సాధన చేసేటప్పుడు బాలే బృందం వాళ్లకి ఐదు పట్టుబడక, తమ యజమాని పేరునే తాళంగా చెప్పుకునేవాళ్లట: సెర్-గే-ద్యా-గి-లెఫ్. మన దగ్గర ఖండ చాపు నేర్చుకునే పదేళ్ల పిల్లకి ఇది చెబితే పకపకా నవ్వింది.

రెండో ఉచ్చు జోర్బా. గ్రీకు నాట్యం అనగానే 1964 నాటి ‘జోర్బా ద గ్రీక్’ సినిమాలో నిదానంగా మొదలై పిచ్చి వేగం అందుకునే ఆ సముద్రతీరపు నాట్యమే అందరికీ గుర్తొస్తుంది. ఆ సిర్తాకి తరతరాల ఊరి నాట్యం కాదు, సినిమా కోసం కట్టింది. నిదానంగా ఉండే హసాపికో, దాని వేగవంతమైన తమ్ముడు హసాపోసెర్వికో, రెండూ కలిపారు. హసాపికో మాత్రం పాతదే, పేరులో ఉన్నది కసాయివాళ్లు. సినిమాకి సంగీతం కట్టిన మికిస్ థియోడొరాకిస్ ఆ సంగీతాన్ని తర్వాత పూర్తి బాలేగా పెంచాడు, 1988లో ఇటలీలోని వెరోనా పాత అరీనాలో మొదటిసారి వేశారు. కోరస్, ఆర్కెస్ట్రా, అన్నీ ఉన్నాయి. వినండి, ఒళ్లు జలదరిస్తుంది. దాన్నే గ్రీకు జానపదమంటే మాత్రం, సినిమా డాన్సు చూసి కోలాటమంటే ఇదే అన్నట్టుంటుంది.

వాయించాలనుకుంటే

పిల్లలు పడమటి పద్ధతి వయొలిన్ నేర్చుకుంటుంటే, స్కాల్కోటాస్ నాట్యాల్లో తీగవాద్యాలకి మాత్రమే కూర్చినవి ఐదు ఉన్నాయి, అవి అడగండి. కొత్తగా చేరినవాళ్లకి కాదు, బాగా వాయించే వయసు వచ్చినవాళ్లకి. సాధన చేసేటప్పుడు ఎవరైనా ఏడుని రెండు దెబ్బలుగా, మూడు-నాలుగుగా చెయ్యి ఊపుతూ నడిపిస్తే నాలుగు దగ్గర బరువు చచ్చిపోతుంది. మూడు దెబ్బలే చూపించమనండి. వాయించే ముందు అందరినీ లేపి గదిలో రెండు చుట్లు నడిపిస్తే ఇంకా మంచిది, పది నిమిషాలు పోతే గంట మిగులుతుంది.

నిజంగా వలయంలో చేరితే

మెల్‌బోర్న్‌లోనో, న్యూయార్కులోని అస్టోరియాలోనో ఉన్న తెలుగువాళ్లకి ఒక అవకాశం ఉంది. రెండుచోట్లా గ్రీకు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి, చర్చి పండగలకి ఆరుబయట నాట్యం ఉంటుంది, బయటివాళ్లని చూసి మొహం చిట్లించరు. వెళ్లండి. కాసేపు పక్కన నిలబడి కాలితో లెక్క చూసుకోండి, ఏడా, మూడా, రెండా అని. వరుస దగ్గరికి వచ్చినప్పుడు ఎడమ కొస చూసుకుని చేరండి, ఆఖరి మనిషి చెయ్యి ఇస్తాడు. మధ్యలో దూరాలంటే ఇద్దరి చేతులు విడిపోవాలి, అది పర్వాలేదు, నవ్వి చోటిస్తారు. కుడి కొసకి మాత్రం వెళ్లకండి. రుమాలు పట్టుకున్న మనిషికి ముందు నిలబడటం పెద్ద అమర్యాద. పది అడుగులు కుడికి, రెండు వెనక్కి. తకిట తక తక అని మనసులో అనుకోండి, పైకి అన్నా ఫరవాలేదు, క్లారినెట్టు మోతలో ఎవరికీ వినపడదు.